రెండు రూపాయల అభ్యంతరం

మా నాయనమ్మ ఎవరో తేల్చడానికి ఒకసారి రెండు రూపాయలు ఖర్చయ్యాయి. దానికి రసీదు కూడా రాశారు.

2004 ఏప్రిల్. నాకు పదకొండేళ్లు. సుల్తానాబాద్‌లో మా వాడ పక్క బడిలోనే పోలింగు. నాయనమ్మకు చూపు సరిగా ఆనదు, అందుకని చెయ్యి పట్టుకుని నేను తీసుకుపోయాను. ఓటరు లిస్టులో ఆమె వయసు డెబ్బై రెండుకు బదులు నలభై రెండని పడింది. భర్త పేరు దగ్గర మా తాత పేరు కాకుండా ఇంకెవరిదో ఉంది. మన లిస్టుల సంగతి తెలిసిందే కదా, అట్లాంటివి ఎవరూ పట్టించుకోరు. స్లిప్పు చూపించి వేలు చాపేలోపు, గోడవార బెంచీ మీద వరసగా కూర్చున్న ఏజెంట్లలోంచి ఒకాయన లేచాడు. "అబ్జెక్షన్ సార్. లిస్టుల ఉన్నామె ఈమె గాదు" అన్నాడు. జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి టేబుల్ మీద పెట్టాడు.

దాన్ని ఛాలెంజ్ ఓటు అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో ఉంది. ఓటరు అసలు మనిషేనా అని ఏజెంటుకు అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి అడ్డం చెప్పొచ్చు. ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారించి తేలుస్తాడు. అభ్యంతరం ఉత్తదైతే ఆ పైసలు సర్కారుకు పోతాయి.

ఆఫీసర్ పాపం వేరే జిల్లా టీచరు. "అమ్మా, నువ్వెవరో చెప్పు" అన్నాడు. నాయనమ్మ కళ్లు చికిలించి ఆ ఏజెంటు దిక్కు చూసింది. మనిషిని పోల్చుకోలేదు, గొంతును పోల్చుకుంది. "నేనెవరో వాన్నే అడుగు సారూ. సోయొచ్చినకాడికెల్లి నా చేతి బువ్వ తిన్నడు" అంది.

ఆఫీసర్ నవ్వాడు. బెంచీ మీద ఉన్న మిగతా ఏజెంట్లు నవ్వారు. నాయనమ్మ ఓటేసింది. ఆ బిళ్ల సర్కారుకు పోయింది. అడ్డం చెప్పినాయన మాత్రం తల ఎత్తలేదు. ఆయన మా మామ. మేనమామ కాదు, కులమూ ఒకటి కాదు. బాపు ఆయన్ను బావా అంటాడు కాబట్టి మాకు మామ. ఆ రోజు నుంచి ఇరవై ఏళ్లు వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మా బాపు తెలుగుదేశం మనిషి. కానీ ఆ ఎన్నికల్లో ఆయన తిరిగింది సైకిల్ గుర్తుకు కాదు. పెద్దపల్లి అసెంబ్లీ సీటు 1999లో పొత్తులో బీజేపీకి పోయింది, గుజ్జుల రామకృష్ణారెడ్డి గెలిచాడు. కాబట్టి 2004లో బాపు సైకిల్ కండువా వేసుకుని పువ్వు గుర్తుకు ఓట్లు అడిగాడు. మామ కాంగ్రెస్ మనిషి. ఆయనా చెయ్యి గుర్తుకు తిరగలేదు. కాంగ్రెస్‌కూ టీఆర్ఎస్‌కూ పొత్తు కాబట్టి కారు గుర్తుకు పనిచేశాడు. కారే గెలిచింది. అంటే తనది కాని గుర్తు కోసం ఒకరు, తనది కాని గుర్తు కోసం ఇంకొకరు. మధ్యలో మా నాయనమ్మ.

*

వాళ్ల దోస్తానా 1969 నాటిది. ఇద్దరూ పద్నాలుగేళ్ల పోరగాళ్లు. బళ్లు బంద్. జై తెలంగాణ అని అరుచుకుంటూ రోడ్డు మీద తిరగడమే పని. బాపుకు ఆ ఏడాది గుర్తున్నది చదువు పోయిన సంవత్సరంగా కాదు, ఎవరూ ఏమీ అనని సంవత్సరంగా. 1971 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. తెలంగాణలో ఉన్న 14 సీట్లలో 10 తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. దేశమంతా ఇందిర గాలి వీస్తుంటే ఇక్కడ మాత్రం ఆ గాలి ఆగింది. పెద్దపల్లిలో వి. తులసీరాం, కరీంనగర్‌లో ఎం. సత్యనారాయణరావు, ఇద్దరూ ప్రజా సమితి వాళ్లే. మా తాత, మామ వాళ్ల నాయన ఇద్దరూ దానికే ఓటేశారు.

సెప్టెంబర్ వచ్చేసరికి ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆరు నెలలు. బ్రహ్మానందరెడ్డి దిగిపోయాడు, సెప్టెంబర్ 30న మా జిల్లాకే చెందిన మంథని ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యాడు. మంథనాయన సీఎం అయ్యాడని సంబురపడాలో, పోరాటాన్ని ఒక కుర్చీకి మార్చుకున్నారని ఏడవాలో మా తాతకు తెలియలేదట. ఆయన ఏడవనూ లేదు, సంబురపడనూ లేదు. తర్వాత ఎన్నికల్లో ఓటుకే పోలేదు. మామ వాళ్ల నాయన మాత్రం "మనం వాళ్లెంబడి పోయినం, వాళ్లు అటు పోయిన్రు, గంతే గదా" అని కాంగ్రెస్‌లో కుదురుకున్నాడు. 1977లో అదే తులసీరాం కాంగ్రెస్ తరఫున మళ్లీ పెద్దపల్లి ఎంపీ. ఒక సంఘటనను రెండిళ్లలో రెండు రకాలుగా మింగారు. మా ఇంట్లో కాంగ్రెస్ అంటే ఒళ్లుమంట అక్కడ మొదలైంది. 1983లో ఎన్టీఆర్ వచ్చినప్పుడు బాపు పరుగెత్తుకుని పోయింది ఆయన కోసం ఎంతో, 1971 కోసం అంతే.

అయినా దోస్తానా చెడలేదు. ఇది నాకు ముఖ్యం, ఎందుకంటే పార్టీలు వేరైతే మనుషులు వేరవుతారని మనం తేలికగా అనేస్తాం. బాపు రైస్‌మిల్లులో గుమాస్తా. సుల్తానాబాద్‌లో రైస్‌మిల్లులకు తక్కువ లేదు, సీజన్లో వడ్ల ట్రాక్టర్లు రాజీవ్ రహదారి మీద వరస కడతాయి. మామకు ఎరువుల దుకాణం. సాయంత్రం దుకాణం ముందు బెంచీ మీద ఇద్దరూ కూర్చుని చంద్రబాబును ఒకరు, వైఎస్‌ను ఒకరు తిట్టుకుని, ఒకే కప్పులోని చాయ్ సాసర్లో పోసుకుని తాగి లేచేవాళ్లు. ఇరవై ఏళ్లు ఆ తిట్లతోనే గడిచాయి. తెగింది మాత్రం పార్టీ మీద కాదు. లిస్టులో అచ్చుతప్పు మీద.

"పార్టీ కోసం ఎన్నన్నా తిట్టుకోవచ్చు బిడ్డా. గని మా అవ్వను ఎవలని అడిగిండు" అని బాపు ఒక్కసారే అన్నాడు.

*

సివిల్స్ కోచింగ్ అని నేను అశోక్‌నగర్‌లో మూడేళ్లు ఉన్నాను. పరీక్ష రాలేదు గానీ ఒక అలవాటు వచ్చింది, ప్రపంచ చరిత్ర పేపర్ కోసం తెచ్చుకున్న పుస్తకాలను పరీక్ష అయిపోయాక కూడా చదవడం. అమెరికా తొలి రోజుల చరిత్ర చదువుతుంటే ఇది ఎక్కడో విన్నట్టుందే అనిపించేది. కొన్నాళ్లకు అర్థమైంది, నేను విన్నది ఎరువుల దుకాణం ముందు.

ఆ దేశాన్ని కట్టినవాళ్లకు పార్టీ అనే మాటంటేనే గిట్టదు. వర్గాలు ప్రజా ప్రభుత్వాలకు పట్టే రోగమని 1787లో మాడిసన్ రాశాడు. రోగాన్ని నయం చేయలేం, దేశం పెద్దదైతే ఒక వర్గాన్ని ఇంకో వర్గం ఆపుతుంది అన్నాడు. నాలుగైదేళ్లు తిరక్కుండానే అదే మాడిసన్, జెఫర్సన్‌తో కలిసి హామిల్టన్‌కు ఎదురు ఒక వర్గాన్ని కట్టాడు. జెఫర్సన్ విదేశాంగ మంత్రిగా ఉండి, ప్రభుత్వాన్నే తిట్టే పత్రిక నడిపే ఫ్రెనోకు తన ఆఫీసులో అనువాదకుడి ఉద్యోగం ఇచ్చాడు. 1796లో వాషింగ్టన్ దిగిపోతూ పార్టీల విషయంలో జాగ్రత్త అని హెచ్చరించాడు. ఆ హెచ్చరికను తీర్చిదిద్దిన చెయ్యి హామిల్టన్‌ది, అంటే అప్పటికే ఒక పార్టీకి పెద్ద అయినవాడిది. అందరూ పార్టీలు వద్దనేవాళ్లే. అందరూ కట్టేవాళ్లే. మా ఊళ్లో కూడా "నాకు రాజకీయం గిట్టది" అని మొదలుపెట్టే మనిషి దగ్గర కనీసం నలభై ఓట్లు ఉంటాయి.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆడమ్స్, జెఫర్సన్‌ల దోస్తానా. 1776లో స్వాతంత్ర్య ప్రకటన కోసం కలిసి పనిచేసినవాళ్లు. యూరప్‌లో రాయబారులుగా ఉన్నప్పుడు ఇళ్లు కలిసిన స్నేహం. 1787లో జెఫర్సన్ చిన్న కూతురు పాలీ ఓడలో లండన్‌కు వచ్చినప్పుడు ఆమెను దగ్గరికి తీసుకుని చూసుకున్నది ఆడమ్స్ భార్య అబిగైల్. తర్వాత పార్టీలు వచ్చాయి. 1800 ఎన్నికల్లో ఒకరిని ఒకరి మనుషులు తిట్టని తిట్టు లేదు. జెఫర్సన్ గెలిచాడు. 1801 మార్చి 4న ఆయన ప్రమాణం చేసే రోజు, ఆడమ్స్ తెల్లారకముందే బండెక్కి ఊరు విడిచిపోయాడు. జెఫర్సన్ తన ప్రసంగంలో మనమంతా రిపబ్లికన్లమే, మనమంతా ఫెడరలిస్టులమే అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. వినాల్సిన మనిషి అప్పటికి దారిలో ఉన్నాడు.

పదకొండేళ్లు ఇద్దరి మధ్యా మాట లేదు.

మధ్యలో ఒకటి జరిగింది. 1804లో పాలీ చనిపోయింది. అబిగైల్ ఉండబట్టలేక జెఫర్సన్‌కు ఉత్తరం రాసింది. భర్తకు చెప్పలేదు. అటు నుంచి జవాబు వచ్చింది, కొన్ని ఉత్తరాలు నడిచాయి, మళ్లీ రాజకీయం దూరి అవీ ఆగిపోయాయి. ఆ పేజీ చదివిన రాత్రి నేను మా అమ్మకు ఫోన్ చేశాను. ఎందుకంటే మా ఇంట్లో కూడా ఒక అబిగైల్ ఉందని నాకు తెలుసు. బతుకమ్మ నాడు మామ భార్య, అమ్మ చెరువు కట్ట మీద పక్కపక్కనే ఆడేవాళ్లు. మా ఇంటి సత్తుపిండి అటు పోయేది, వాళ్లింటి మలీద ఇటు వచ్చేది. ఆ మలీద ఎక్కడిదని బాపు ఎప్పుడూ అడగలేదు. తినేవాడు.

*

ఇక 2004 తర్వాత నడిచిన కథ చెప్పాలంటే కాగితం మీద గీతలు గీసుకోవాలి.

2006లో కరీంనగర్ ఉప ఎన్నిక వచ్చింది. అది రావడానికి కారణమైన సవాలు విసిరింది అప్పటి కాంగ్రెస్ మంత్రి ఎం. సత్యనారాయణరావు. అవును, 1971లో ప్రజా సమితి తరఫున కరీంనగర్ గెలిచిన ఆయనే. సవాలు అందుకుని కేసీఆర్ ఎంపీ పదవికి రాజీనామా చేసి, డిసెంబర్‌లో రెండు లక్షలు దాటిన మెజారిటీతో తిరిగి వచ్చాడు. ఆ ఊపులో మామ కాంగ్రెస్ విడిచి గులాబీ కండువా వేసుకున్నాడు. "అరవై తొమ్మిదిల పోయిన బాట ఇదే గదా" అన్నాడట. బాపు ఆ మాట విని ఏమీ అనలేదు. ఆ బాట తనదీ కదా మరి.

2009లో మహాకూటమి. తెలుగుదేశం, టీఆర్ఎస్ ఒకే వైపు. పెద్దపల్లిలో తెలుగుదేశం అభ్యర్థి చింతకుంట విజయరమణారావు. అంటే బాపు, మామ మళ్లీ ఒకే గుర్తుకు. ఒకే జీపులో ముందు సీట్లో బాపు, వెనక సీట్లో మామ. ఊరూరా దిగి ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకునేవాళ్లు. మైకులో "మా మిత్రపక్షం" అనేవాళ్లు. మైకు కట్టేస్తే మాట బంద్. డ్రైవర్‌కు పిచ్చెక్కేదట.

2014లో తెలంగాణ వచ్చింది. ఆ రాత్రి మా వాడలో పటాకులు కాల్చినవాళ్లలో బాపు కూడా ఉన్నాడు. కానీ ఆయన పార్టీ ఆయన కాళ్ల కింది నుంచి నెమ్మదిగా జారిపోయింది. గెలిచిన ఎమ్మెల్యేలు ఒక్కొక్కరే అటు పోయారు. విజయరమణారావు తర్వాత కాంగ్రెస్‌లోకి వచ్చాడు. ఆయన వెంట ఉన్న బాపు కూడా వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో ఎవరూ వెయ్యని ఓటు 2018లో మా బాపు వేశాడు. ఇంటికి వచ్చి స్నానం చేశాడని అమ్మ నవ్వుతూ చెప్పింది. నేను ఆ నవ్వులో కలవలేదు. ముప్పై అయిదేళ్లు ఒకదాన్ని వద్దనుకుని బతికిన మనిషి, తను కదలకుండానే అందులో ఉన్నట్టు తెలుసుకోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు.

నాయకుల లెక్క వేరు. వాళ్లకు ఒక దారి ఉంది, ఆ దారికి చట్టం ఉంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం మూడింట ఒక వంతు విడిపోతే చీలిక అంది, మూడింట రెండు వంతులు పోతే విలీనం అంది. 2003లో చీలిక తీసేశారు, విలీనం ఉంచారు. 2018లో కాంగ్రెస్ 19 మంది గెలిచారు. ఒకరు ఎంపీ అయి 2019 జూన్ 5న రాజీనామా చేశాక 18 మిగిలారు. మర్నాడే 12 మంది విలీనం చేయమని స్పీకర్‌ను కలిశారు. పద్దెనిమిదిలో మూడింట రెండు వంతులు ఎంతో చిన్న క్లాసు పిల్లలు కూడా చెప్తారు. అంత శుభ్రమైన లెక్క అది. 2023లో గాలి తిరిగింది. కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ 39. ఆ తర్వాత ఏడాదిలో బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు 10 మంది ఇటు వచ్చారు, ఈసారి మూడింట రెండు వంతుల లెక్క కూడా కుదరకుండానే.

మా పెద్దపల్లి ఎంపీ సీటు కథ దీనికి తగ్గట్టే ఉంటుంది. కాకా అని అందరూ పిలిచే జి. వెంకటస్వామి 1971లో సిద్దిపేట నుంచి ప్రజా సమితి ఎంపీ, తర్వాత కాంగ్రెస్‌లో పెద్దపల్లి నుంచి నాలుగుసార్లు. కొడుకు వివేక్ 2009లో కాంగ్రెస్ నుంచి గెలిచి, టీఆర్ఎస్‌కు పోయి, కాంగ్రెస్‌కు వచ్చి, మళ్లీ టీఆర్ఎస్‌కు పోయి, బీజేపీకి పోయి, 2023లో కాంగ్రెస్‌కు వచ్చాడు. 2024లో మనవడు వంశీకృష్ణ కాంగ్రెస్ ఎంపీ. దీన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. ఆ ఇంటికి ఇక్కడ ఓట్లు ఉన్నాయి, అవి కండువా చూసి పడేవి కావు. సిరిసిల్ల చెన్నమనేని అన్నదమ్ముల్లో రాజేశ్వరరావు దశాబ్దాలు ఎర్రజెండా పట్టి తెలుగుదేశానికి వచ్చాడు, విద్యాసాగర్‌రావు బీజేపీలో కేంద్ర మంత్రి దాకా పోయాడు. ఇళ్లలో వాళ్లు కలిసి భోజనం చేసే ఉంటారు. అట్లా చేయలేనిది కింద ఉన్నవాళ్లే.

పార్టీ మారడం మీద నాకు ఉన్న అసలు ఫిర్యాదు నీతి గురించి కాదు. జాన్ ఆడమ్స్ కొడుకు క్విన్సీ ఆడమ్స్ కూడా మారాడు. ఫెడరలిస్టుల తరఫున సెనేట్‌లో ఉండి, జెఫర్సన్ తెచ్చిన ఎగుమతుల నిషేధాన్ని సమర్థించాడు. సొంతవాళ్లు గడువుకు ముందే ఆయన స్థానంలో ఇంకొకరిని ఎన్నుకుంటే, 1808 జూన్‌లో పదవి వదిలేసి ఇంటికి పోయాడు. ముందు కుర్చీ వదిలాడు, తర్వాతే అటు వాళ్ల పదవులు తీసుకున్నాడు. అది ఒక మర్యాద. 2006లో కరీంనగర్‌లో కూడా రాజీనామా చేసి జనం ముందుకు వచ్చిన మర్యాదే కనిపించింది, ఎవరి లెక్కలు ఏవైనా. నా బాధ ఇంకొకటి. నాయకుడు పోతూ తన స్నేహాలను వెంట తీసుకుపోతాడు. మనకు ఇచ్చిన పగను మాత్రం మన దగ్గరే వదిలేసి పోతాడు. బూత్‌లో నువ్వు ఎవరిని ఆపావో, ఎవరి అమ్మను ఎవరని అడిగావో, ఆ మనిషి నీ పక్క వాడలోనే ఉంటాడు. నీ విలీనానికి స్పీకర్ లేడు.

2024 జూన్‌లో జగిత్యాల ఎమ్మెల్యే సంజయ్ కుమార్ బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌కు వచ్చినప్పుడు, రెండు ఎన్నికల్లో ఆయన మీద పోటీ చేసి ఓడిన జీవన్‌రెడ్డి బహిరంగంగానే నొచ్చుకున్నాడు. బాపు పేపర్లో ఆ వార్త రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవమని నాకు ఇచ్చాడు.

*

నాయనమ్మ 2019 చలికాలంలో పోయింది. ఎనభై ఏడు దాటాయి. మామ వచ్చాడు. ఇంటి ముందుకు రాలేదు, రోడ్డుకు అవతల కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాడు. బాపు చూశాడు. పిలవలేదు. పాడె కదిలినప్పుడు మామ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, అందరికన్నా వెనక, వాగు దాకా నడిచాడు. స్నానం చేయకుండానే వెళ్లిపోయాడని ఎవరో అన్నారు. ఇంటికి పోయి చేసుంటాడు.

ఆ తర్వాతే నేను బెంజమిన్ రష్ అవుదామనుకున్నాను. ఆయన ఫిలడెల్ఫియా డాక్టర్, ఆడమ్స్‌కూ జెఫర్సన్‌కూ ఇద్దరికీ దోస్తు. 1809లో ఆడమ్స్‌కు ఉత్తరం రాస్తూ, మీరిద్దరూ మళ్లీ కలిసినట్టు కలగన్నానని చెప్పాడు. కల నిజమో కట్టుకథో గానీ పని చేసింది, రెండేళ్లు పట్టినా. 1812 జనవరి 1న ఆడమ్స్ ముందుగా ఉత్తరం రాశాడు. ఇంట్లో నేసిన రెండు గుడ్డ ముక్కలు పంపుతున్నానని అందులో హాస్యమాడాడు. నిజానికి అవి కొడుకు రాసిన రెండు పుస్తకాలు. పార్సిల్ వెనకబడింది. జెఫర్సన్ నిజంగానే గుడ్డలనుకుని, వర్జీనియాలో నేత ఎట్లా సాగుతోందో వివరంగా జవాబు రాశాడు! పదకొండేళ్ల తర్వాత మొదటి మాట మగ్గాల గురించి. ఆ తర్వాత పద్నాలుగేళ్లలో నూటయాభైకి పైగా ఉత్తరాలు రాసుకున్నారు. ఇద్దరూ ఒకే రోజు పోయారు, 1826 జూలై 4న.

ఇదంతా ఒక ఆదివారం బాపుకు చెప్పాను. ఓపికగా విన్నాడు.

"ఆల్లు ప్రెసిడెంట్లు బిడ్డా. దిగిపోయినంక ఇండ్లల్ల కూసున్నరు, రాసుకున్నరు. మేం దిగిపోయేటిది ఏడికి?"

"ఆళ్ల పార్టీలేమైనయే మరి?" అని కాసేపటికి ఆయనే అడిగాడు.

చెప్పాను. ఆడమ్స్ ఫెడరలిస్టులు యుద్ధకాలంలో పొరపాటు చేసి మాయమైపోయారు. అందరూ ఒకే పార్టీ అయ్యారు. 1817లో ఒక బోస్టన్ పత్రిక దాన్ని మంచి మనసుల కాలం అన్నట్టుగా పొగిడింది. 1820లో మన్రోకు పోటీయే లేదు, పడిన 232 ఓట్లలో ఒక్కటే ఆయనకు పడలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ఒక్క పార్టీలోంచే నలుగురు అధ్యక్ష పదవికి పోటీపడ్డారు, మళ్లీ వర్గాలు, మళ్లీ పార్టీలు.

బాపు గట్టిగా నవ్వాడు. "అందరు ఒక్కతాన చేరినంకనే అసలు లొల్లి" అన్నాడు. 1952 ముందు కాంగ్రెస్‌లో బూర్గుల గ్రూపు, స్వామీజీ గ్రూపు అని వాళ్ల నాయన చెప్పిన కథలు మొదలుపెట్టాడు. మామ సంగతి మాత్రం ఎత్తలేదు. రష్ పని నాతో కాలేదు.

*

2024 చివర్లో సుల్తానాబాద్‌లో చేరికల మీటింగ్ పెట్టారు. గులాబీ నుంచి వచ్చేవాళ్ల లిస్టులో మామ పేరు ఉంది. పాత కాంగ్రెస్ మనిషి సొంతింటికి వస్తున్నాడని అన్నారు. వచ్చిన సీనియర్లకు ఇక్కడి సీనియర్లు కండువాలు కప్పాలి. ఆయనకు బాపు కప్పాలని ఎవరో కుర్ర నాయకుడు తెలిసీతెలియక రాశాడు. బాపు ఆ పొద్దున మోకాళ్ల నొప్పి అన్నాడు. నొప్పి నిజమే, రోజూ ఉండేదే.

నేను ఆ వారం ఇంట్లోనే ఉన్నాను. పొద్దు గూకే వేళ గేటు చప్పుడైంది. మామ. తలంతా తెల్లబడింది, మెడలో కొత్త కండువా మడత కూడా విప్పుకోలేదు. "బాపున్నడా బిడ్డా?" అన్నాడు. ఇరవై ఏళ్లలో నాతో మాట్లాడిన మొదటి మాట అది. లోపలికి రమ్మన్నాను. రాలేదు, అరుగు మీద కూర్చున్నాడు. బాపు లోపలి గదిలోంచి వచ్చి గడప దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఇద్దరి మధ్య గుమ్మం.

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ చాయ్ తెచ్చింది. మామ సాసర్లో పోసుకున్నాడు.

"మీ మిల్లుల వడ్లు కొనుడు అయిపాయెనా?" అని అడిగాడు.

"మిల్లు మానేసి నాలుగేండ్లాయె" అన్నాడు బాపు.

"ఔనా."

మళ్లీ మౌనం. మామ మెడలోంచి కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇది మెడకు గోకుతాంది. మన ఎన్టీఆర్‌ను చూడ పోయినప్పుడు ఇచ్చిన కండువా మంచిగుండె, నూలుది."

"నీకెవడిచ్చిండు? నువ్వు కాంగ్రెసోనివి. అది నాకిచ్చిన్రు. నువ్వు గుంజుకున్నవ్."

"గుంజుకున్ననా? లారీ ఎక్కెటప్పుడు జారిపడ్తాంటే చెయ్యిచ్చిన అని నువ్వే ఇచ్చినవ్."

"లారీ ఏడిది? నా దోస్తు స్కూటర్ మీద పోయినం గద కరీంనగర్."

"స్కూటర్ మీద ముగ్గురం ఎట్ల పోతం? రైస్‌మిల్లు లారీ. పైన బస్తాల మీద కూసున్నం. నీ చెప్పు పడిపాయె, బండి ఆపుమంటె ఆపలే."

"చెప్పు పడింది నీది."

గొంతులు పెరిగాయి. పక్కింటివాళ్లు తొంగి చూశారు, గొడవేమో అనుకుని. బాపు కుర్చీలోంచి లేచి గుమ్మం ఇవతలికి వచ్చాడు, వేలు చూపించడానికి. లోపలి నుంచి అమ్మ రెండోసారి చాయ్ పెడుతూ అరిచింది.

"లారీ గాదు, స్కూటర్ గాదు. బస్సుల పోయిన్రు. ఇద్దరికీ టికెట్ పైసలు అత్తమ్మ ఇచ్చింది, కొంగుల కెల్లి."